వెనక చక్రం మార్చాం, వరుస చూసుకున్నామా?

ఈసారి ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక పని పైకి చక్కగా కనబడుతోంది. చేయించుకున్నవాడు సంతోషపడి డబ్బులిచ్చి పోయాడు. కానీ లోపల రెండు మిల్లీమీటర్ల వంకర ఉండిపోయింది. అది కంటికి ఆనదు. ఈరోజు దానివల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. అలాంటి వంకరను తప్పు అనొచ్చా? తప్పయితే ఎవరి తప్పు?

ఇది పండితుల ప్రశ్న అనుకోకండి. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో మెకానిక్ షెడ్ల ముందు రోజూ ఎదురయ్యే ప్రశ్న. జవాబు అక్కడినుంచే వెతుకుదాం. మధ్యలో స్పానర్లు, వాషర్లు, టేపు కొలతలు వస్తాయి. కాస్త ఓపిక పట్టండి. ఆ కొలతలు అర్థమైతే ధమ్మం మాట దానంతటదే అర్థమవుతుంది.

దారి, బండి, మార్పు

42వ నంబరు జాతీయ రహదారి అనంతపురం, కదిరి మీదుగా మదనపల్లెకు వచ్చి, పుంగనూరు, పలమనేరు దాటి, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. ఈ దారి మీద బతికే జనానికి మోటారు సైకిల్ షోకు వస్తువు మాత్రమే కాదు. మదనపల్లె మార్కెట్టుకు టమోటా బాక్సులు మోసేది అదే. తెల్లారుజామున పాల క్యాన్లు మోసేది అదే. భార్యను, ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకొని ఆసుపత్రికి పోయేదీ దాని మీదే.

అయితే కంపెనీ తయారుచేసిన బండి అందరి అవసరానికీ సరిపోదు. అందుకే మారుస్తారు. బరువు లాగాలని వెనక పెద్ద స్ప్రాకెట్ వేయిస్తారు. ముందు 14 పళ్ళు, వెనక 42 పళ్ళు ఉంటే ముందుది మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. వెనక 45 పళ్ళది వేస్తే ముందుది మూడు చుట్లకు పైనే తిరగాలి. వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. మిట్ట ఎక్కేవాడికి అది కావాలి. ఇక కుర్రాళ్ళు వేరే బండి చక్రం తెచ్చి లావు టైరు ఎక్కిస్తారు. వెనక చక్రాన్ని రెండువైపులా పట్టుకుని ఉండే ఇనుప చేతిని స్వింగ్ ఆర్మ్ అంటారు. కొందరు దాన్ని కోసి, పొడుగు చేసి వెల్డింగ్ పెట్టిస్తారు. నడవలేనివాళ్ళ కోసం పక్క చక్రాలు బిగిస్తారు.

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం బండి రిజిస్ట్రేషన్లో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. వికలాంగుల కోసం మార్చుకునే బండికి మాత్రం నియమాల ప్రకారం అనుమతి తీసుకొనే దారి ఉంది. కాబట్టి షోకు కోసం చేసే మార్పును నేను సమర్థించడం లేదు. మార్చదలచినవాళ్ళు ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

కానీ చట్టం చూసేది బయటికి కనబడే మార్పును. లావు టైరును చూస్తుంది, పెద్ద చప్పుడు సైలెన్సర్‌ను చూస్తుంది. దారిలో బండి ఆపి, చైన్ వరుస కలిసిందా అని దారం పట్టి చూసే అధికారి ఎవరూ ఉండరు. అది చూడాల్సింది మనమే.

రెండు స్ప్రాకెట్లు, ఒక చైన్

ఇప్పుడు మనం బండ్లలో వాడే రోలర్ చైన్‌కు మూలరూపం ఇచ్చినవాడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో స్థిరపడినవాడు. 1880లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా దాని నియమం ఒకటే: ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ ఒకే సమతలంలో, ఒకే గీత మీద తిరగాలి. చైన్ పైకీ కిందికీ వంగుతుంది. పక్కకు వంగడానికి అది పుట్టలేదు.

ఒక లెక్క చూడండి. 18 అంగుళాల చక్రం ఒక కిలోమీటరు పోయేసరికి 500 సార్లకు పైగా తిరుగుతుంది. వెనక 42 పళ్ళుంటే, కిలోమీటరుకు ఇరవై వేలకు పైగా సార్లు ఒక పన్ను చైన్ సందులోకి వచ్చి కూర్చోవాలి. ఆ కూర్చోవడం నేరుగా ఉంటే నూనె పొర మీద జారుతుంది. వంకరగా ఉంటే ప్రతిసారీ పంటి పక్క భాగం చైన్ లోపలి రేకును గీకుతుంది. ఒక్కసారి గీకితే ఏమీ కాదు. ఇరవై వేల సార్లు గీకితే?

ఈ వంకర రెండు రకాలు. ఈ తేడాను బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

మొదటి రకంలో రెండు స్ప్రాకెట్లూ దేనికది నేరుగానే ఉంటాయి. కానీ ఒకటి పక్కకు జరిగి ఉంటుంది. వేరే బండి చక్రం తెచ్చి వేసినప్పుడు ఇదే జరుగుతుంది. ఆ చక్రం హబ్ వెడల్పు వేరు, డ్రమ్ లోతు వేరు. చక్రాన్ని చూస్తే నిటారుగా ఉంది. ముందు స్ప్రాకెట్‌ను చూస్తే అదీ నిటారుగా ఉంది. రెండింటినీ కలిపి చూస్తేనే తేడా తెలుస్తుంది.

రెండో రకంలో చక్రమే ఒకవైపుకు తిరిగి ఉంటుంది. యాక్సిల్ ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కు బిగిసి ఉంటుంది. రెండు చైన్ అడ్జస్టర్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, ముందు స్ప్రాకెట్ మధ్య నుంచి వెనక స్ప్రాకెట్ మధ్యకు దూరం 55 సెంటీమీటర్లు అనుకోండి. ఒక పక్క కేవలం 2 మిల్లీమీటర్లు ఎక్కువ లాగితే, ముందు స్ప్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి తేడా అయిదున్నర మిల్లీమీటర్లు అవుతుంది. ఇక్కడి చిన్న వంకర అక్కడికి పెద్దదై చేరుతుంది. మామూలు బండ్లలో వాడే 428 నంబరు చైన్ లోపలి వెడల్పే దాదాపు 8 మిల్లీమీటర్లు. అందులో అయిదున్నర తేడా అంటే ఆలోచించండి.

ఇంకో మాట గమనించారా? ఒక్క స్ప్రాకెట్‌ను చేతిలో పట్టుకొని ‘ఇది లైనులో ఉందా?’ అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థమే లేదు. లైను అనేది రెండింటి మధ్యనే పుడుతుంది. బాబాసాహెబ్ అంబేడ్కర్ తన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో ధమ్మాన్ని మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన సంబంధంగా వివరించారు. ఒంటరిగా బతికేవాడికి దాని అవసరం రాదు, పక్కన ఇంకొకడు ఉన్నప్పుడే అది తప్పనిసరి అవుతుందని ఆయన భావం. గుహలో కూర్చుని నేను మంచివాణ్ణి అనుకోవడం ఒక్క స్ప్రాకెట్‌ను చేతిలో పట్టుకోవడం లాంటిది. ఎదుటివారితో మన లెక్క కలిసిందా అన్నదే ప్రశ్న.

గీతలను నమ్మాలా, కొలవాలా?

సరే, వరుస ఎట్లా చూడాలి? స్వింగ్ ఆర్మ్ మీద రెండువైపులా కంపెనీ గీతలు కొట్టి ఉంటుంది. ఎడమ పక్క మూడో గీత, కుడి పక్క మూడో గీత దగ్గర బిగిస్తే సరిపోయిందని చాలామంది అనుకుంటారు. కొత్త బండికి అది చాలావరకు సరిపోవచ్చు. కానీ కోసి అతికిన స్వింగ్ ఆర్మ్ మీద ఆ గీతలకు విలువ లేదు. వేరే బండి చక్రానికి ఆ గీతలు సాక్ష్యం చెప్పలేవు. ఎవరో ఎప్పుడో వేరే కొలతకు కొట్టిన గీతలవి.

మరేం చేయాలి? స్వయంగా కొలవాలి.

ముందు ఇంజను ఆపండి. తాళం తీసి జేబులో పెట్టుకోండి. గేరులో ఇంజను తిరుగుతుండగా చైన్ దగ్గర గుడ్డ పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి.

తర్వాత బేరింగులు, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు చూడండి. చక్రాన్ని పట్టి పక్కకు ఊపితే ఊగుతోందంటే ముందు అవి మార్చాలి. పునాది ఊగుతుంటే పైన ఎంత వరుస చూసినా నిలవదు.

చైన్ అరిగిందేమో కొలవండి. 428 చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు. 20 లింకులు 254 మిల్లీమీటర్లు రావాలి. 259 వచ్చిందంటే రెండు శాతం సాగింది, దాని ఆయుష్షు అయిపోయింది. సాగిన చైన్‌కు కొత్త స్ప్రాకెట్ వేయకూడదు. పాతది కొత్తదాన్ని తినేస్తుంది. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాలి.

ఇక టేపు తీసుకొని స్వింగ్ ఆర్మ్ పివట్ బోల్టు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకు రెండువైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటే కావాలి. పివట్ దగ్గర వెల్డింగ్ సరిగ్గా పడని బండిలో ఈ కొలత కూడా మోసం చేయొచ్చు. అందుకే దారం కావాలి. ఒక నైలాన్ దారాన్ని వెనక టైరు వెనకనుంచి చుట్టి, రెండు పక్కలా ముందు టైరు దాకా లాగి పట్టండి. హ్యాండిల్ నేరుగా ఉంచండి. ముందు టైరు సన్నగా ఉంటుంది కాబట్టి దారానికీ టైరుకూ మధ్య సందు వస్తుంది. ఆ సందు రెండువైపులా సమానంగా ఉంటే చక్రాలు ఒక గీత మీద ఉన్నట్టు.

చివరికి ఒక నేరైన ఇనుప బద్దను వెనక స్ప్రాకెట్ ముఖానికి ఆనించి ముందుకు చూడండి. ముందు స్ప్రాకెట్ ఎంత పక్కకు ఉందో అక్కడ తెలుస్తుంది. చక్రాన్ని చేత్తో వెనక్కు తిప్పుతూ చైన్‌ను వెనకనుంచి చూడండి. పన్ను చైన్ నడిమధ్యన కూర్చుంటోందా, ఒక పక్కకు ఒరుగుతోందా? వెనక స్ప్రాకెట్ పళ్ళు ఒకవైపే మెరుస్తున్నాయంటే, చైన్ లోపలి రేకులు ఒకవైపే అరిగాయంటే, వంకర చాలా రోజులుగా ఉందన్న మాట.

కేసపుత్త అనే ఊళ్ళో కాలాములు అనే జనం బుద్ధుడి దగ్గరికి వచ్చి, ఒక్కొక్క గురువు ఒక్కొక్క మాట చెబుతున్నాడు, ఎవరిని నమ్మాలి అని అడిగారు. పరంపరగా వస్తోందని, గ్రంథంలో ఉందని, చెప్పినవాడు మన గురువని నమ్మవద్దని ఆయన చెప్పారు. ఇది హాని చేస్తుందా, మేలు చేస్తుందా అని మీకు మీరు తెలుసుకొని వదలండి లేదా పట్టండి అన్నారు. ఆయన గీతలన్నింటినీ చెరిపేయమనలేదు. గీత ఉంది కాబట్టి కొలవడం మానేయవద్దన్నారు.

వంకరకు వంకర సర్దడం

ఇప్పుడు అసలు నైతిక ప్రశ్న దగ్గరికి వచ్చాం.

కొలిచారు. స్ప్రాకెట్ నాలుగు మిల్లీమీటర్లు పక్కకు ఉందని తేలింది. సరైన దారి ఒకటే. లేత్ షాపుకు పోయి కొత్త స్పేసర్ తిప్పించాలి, లేదా స్ప్రాకెట్ కూర్చునే చోటును సరిచేయించాలి. దానికి చక్రం మళ్ళీ ఊడదీయాలి. ఒక పూట పోతుంది, డబ్బవుతుంది. దగ్గరి దారి ఇంకొకటి ఉంది. చక్రాన్ని కాస్త పక్కకు తిప్పి బిగిస్తే చైన్ ఆ నాలుగు మిల్లీమీటర్లనూ ఎట్లాగో సర్దుకుంటుంది. మొదటి రకం వంకరను దాచడానికి రెండో రకం వంకరను తేవడం అన్న మాట. చప్పుడు తగ్గుతుంది. “ఏమప్పా, బండి పోతా ఉండాది కదా, ఇంకేం కావల్ల?” అనే మాట ఈ దగ్గర పుడుతుంది.

బండి పోతుంది, నిజమే. అయితే వెనక చక్రం ఒకవైపుకు చూస్తుంటుంది కాబట్టి బండి పక్కకు లాగుతుంది. నడిపేవాడు హ్యాండిల్‌ను రెండోవైపుకు కొంచెం పట్టి ఉంచుతాడు. నాలుగు రోజులకు ఆ సంగతే మరచిపోతాడు. భుజం ఎందుకు నొస్తోందో తెలియదు. టైరు ఒక పక్క ఎందుకు అరిగిందో తెలియదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఎవరైనా ఆ బండిని నిజంగా సరిచేసి ఇస్తే, ‘ఏందో తేడాగా ఉంది’ అంటాడు. చేతులు వంకరకు అలవాటు పడ్డాయి. నేరుగా ఉన్నదే వాటికి వంకరగా తోస్తోంది.

ఒకరోజు దిగుడులో, బరువు మీద, చైన్ స్ప్రాకెట్ మీదినుంచి ఎగిరిపోతుంది. ఎగిరిన చైన్ వెనక చక్రాన్ని పట్టేస్తే బండి అక్కడికక్కడే ఆగుతుంది, మనిషి ఆగడు. ఆ వేళ వెనక కూర్చున్నది మెకానిక్ కాదు. బేరమాడి డబ్బు మిగుల్చుకున్నవాడు ఒక్కడే కూడా కాదు. అతని భార్య, చేతిలో బిడ్డ. వంకరలో భాగం లేనివాళ్ళు దాని ఫలితాన్ని మోస్తారు. కాబట్టి మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఈరోజు ఎవరికీ నొప్పి లేదన్నంత మాత్రాన తప్పు లేనట్టు కాదు. నొప్పి ఇంకొకరి పేరు మీద, ఇంకో తేదీకి రాసిపెట్టి ఉంది.

మిగతా సగం జవాబు త్రిపిటకంలో ఉంది.

ఆరు రోజుల చక్రం

అంగుత్తర నికాయంలో, బుద్ధుడు బారాణసి దగ్గర ఇసిపతనంలో చెప్పిన కథ ఒకటి ఉంది. పచేతనుడనే రాజు తన రథకారుణ్ణి పిలిచి, ఆరు నెలల్లో యుద్ధం రాబోతోంది, కొత్త చక్రాల జత చేయగలవా అని అడిగాడు. చేస్తానన్నాడు అతను. ఆరు నెలలకు ఆరు రోజులు తక్కువ ఉందనగా ఒక చక్రం పూర్తయింది. రాజు కంగారుపడ్డాడు. మిగిలిన ఆరు రోజుల్లో రథకారుడు రెండో చక్రం చేసి ఇచ్చాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, నాకు వీటిలో తేడా ఏమీ కనబడటం లేదన్నాడు రాజు. ఉంది మహారాజా, చూడండి అని రథకారుడు వాటిని దొర్లించాడు. ఆరు రోజుల చక్రం తోసినంత దూరం పోయి, తూలి, పడిపోయింది. ఆరు నెలల చక్రం తోసినంత దూరం పోయి, ఇరుసుకు బిగించినట్టుగా నిలబడింది. మొదటిదానిలో అంచుకు, ఆకులకు, కుంభికి వంకర ఉండిపోయింది. రెండోదానిలో ఆ వంకరలన్నీ తీసేశాడు. బుద్ధుడు దీన్నే మనిషికి అన్వయించారు. శరీరపు వంకర, మాట వంకర, మనసు వంకర తీసేసుకోనివాడు ఆరు రోజుల చక్రంలాగే ధమ్మం నుంచి పడిపోతాడన్నారు.

ఈ కథలో మనకు మూడు సంగతులు ముఖ్యం.

మొదటిది, ఆ రథకారుడు ఎవరు? నేనే అన్నారు బుద్ధుడు. పునర్జన్మ మాటను మనం బాబాసాహెబ్ నేర్పిన హేతువుతోనే చూద్దాం, అక్షరాలా తీసుకోనక్కర్లేదు. కానీ ఆయన తనను ఏ స్థానంలో పెట్టుకున్నారో చూడండి. పాలి సుత్తాల్లో నాటి సమాజం నీచ కులాలుగా లెక్కపెట్టినవాటి జాబితా పదేపదే వస్తుంది. చండాల, వేణ, నేసాద, రథకార, పుక్కుస. అందులో రథకారుడు ఉన్నాడు. రాజు స్థానంలో కాదు, చేతిలో బాడిసె పట్టుకున్నవాడి స్థానంలో ఆయన తనను చూసుకున్నారు. నేడు షెడ్డులో గ్రీజు చేతులతో కూర్చున్న మన తమ్ముళ్ళకు ఈ సంగతి తెలియాలి. చక్రంలో వంకర కనిపెట్టగల కన్ను చిన్నది కాదు.

రెండోది, రాజుకు తేడా కనబడలేదు. యజమానికి, కొనుక్కున్నవాడికి, అధికారం ఉన్నవాడికి తేడా కనబడకపోవచ్చు. చేసినవాడికి తెలుసు. అందుకే బాధ్యత తెలిసినవాడి దగ్గర మొదలవుతుంది.

మూడోది, అన్నింటికంటే పెద్దది. రథకారుడు నోరు మూసుకొని కూలి తీసుకొని పోయి ఉండొచ్చు. రాజు మెచ్చుకొని ఉండేవాడు కూడా. కానీ తాను చేసిన చక్రమే పడిపోతుందని తానే దొర్లించి చూపించాడు. ఆరు రోజుల్లో చేస్తే వంకర మిగులుతుంది. అది అతని దుర్మార్గం కాదు, దొరికిన సమయం అంతే. దాన్ని దాచి ఉంటే మాత్రం తప్పయ్యేది. చూపించాడు కాబట్టి అది ఇంకా చేయాల్సిన పనిగా మిగిలింది.

ఇదే మన షెడ్డుకు న్యాయం. పేదవాడు తెచ్చిన బండికి అన్నీ కొత్తవి వేయడం కుదరకపోవచ్చు. మెకానిక్‌కూ ఇల్లు గడవాలి. ఉన్నదాంతో చేసి ఇవ్వొచ్చు. కానీ, “అన్నా, లైను నాలుగు మిల్లీమీటర్లు తేడా ఉండాది, స్పేసర్ తిప్పియ్యల్ల, అంతవరకు బరువు కట్టొద్దు, వెనక పిల్లోళ్ళను ఎక్కించొద్దు” అని చెప్పి పంపాలి. విన్నవాడు కూడా, చెప్పినందుకు విసుక్కోకుండా, లేత్ కూలికి డబ్బు దాచుకోవాలి. చౌకగా, తొందరగా కావాలని మెకానిక్ మెడ మీద కూర్చున్నవాడికి ఆ వంకరలో వాటా ఉంది. అష్టాంగ మార్గంలోని సమ్యక్ ఆజీవం అంటే ఏ పని చేస్తున్నాం అన్నది మాత్రమే కాదు. ఆ పనిలో తెలిసిన నిజాన్ని చెబుతున్నామా అన్నది కూడా.

మన ఇంటి వరుస

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలమందితో కలిసి ధమ్మ దీక్ష తీసుకున్నారు. 22 ప్రతిజ్ఞలు చేయించారు. వాటిలో మనుషులంతా సమానమని నమ్ముతానన్నది ఉంది, అష్టాంగ మార్గాన్ని అనుసరిస్తానన్నది ఉంది. మన చక్రాన్ని ఆయన మార్చారు. తరాలుగా మనల్ని బురదలోకే లాగిన చక్రం అది. మార్చడం తప్పనిసరి.

కానీ మార్చిన బండికి పాత గీతలు పనికిరావని చూశాం కదా. కొత్త చక్రం ఎక్కించిన రోజుతో పని అయిపోదు, ఆ రోజుతో మొదలవుతుంది. అందుకే టేపు తీసుకొని మనల్ని మనం కొలుచుకుందాం.

ముందుగదిలో బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం ఉన్నాయి. పెళ్ళి బౌద్ధ పద్ధతిలో చేశాం, త్రిశరణం చెప్పాం. కట్నం మాత్రం పాత లెక్క ప్రకారమే తీసుకున్నాం. తేదీ పెట్టుకునే ముందు చాటుగా పంచాంగం చూపించాం. ఇది మొదటి రకం వంకర. వందన చేసేటప్పుడు చూస్తే మనిషి నేరుగా ఉన్నాడు. కట్నం లెక్కలో చూస్తే అక్కడా తన లెక్కకు తాను నేరుగానే ఉన్నాడు. రెండింటినీ ఒక బద్ద పెట్టి చూస్తేనే తెలుస్తుంది, రెండూ వేరే వేరే గీతల మీద తిరుగుతున్నాయని.

రెండో రకం ఇంకా లోతుది. మాలలు, మాదిగల మధ్య సంబంధం మాట వస్తే ఒళ్ళు జలదరించడం. టీ హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టినవాణ్ణి తిట్టి వచ్చి, మన వీధి కాలువ తీసిన పనివాడికి మంచినీళ్ళు ఇవ్వడానికి పాత సత్తు గ్లాసు వెతకడం. సభలో సమానత్వం మాట్లాడి ఇంటికొచ్చి, కూతురి చదువు ఆపి కొడుకు ఫీజు కట్టడం. ఇక్కడ తిరిగి ఉన్నది చూపే. సమ్యక్ దృష్టి రెండు మిల్లీమీటర్లు పక్కకు పోతే, మాట దగ్గర, చేత దగ్గర అది ఎంత పెద్దదవుతుందో ఇంతకుముందే లెక్క వేశాం.

అన్నింటికంటే ప్రమాదం వంకరకు వంకర సర్దడం. ‘ఊళ్ళో ఉండాలి కదా, నలుగురితో పోవాల కదా’ అని చూపునే కొంచెం తిప్పి బిగించుకుంటాం. చప్పుడు ఆగిపోతుంది. ఇల్లు ప్రశాంతంగా నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ సర్దుబాటుకు చేతులు ఎంత అలవాటు పడతాయంటే, ఒక ఆడపిల్ల లేచి, ‘నాన్నా, ఇది ధమ్మమేనా?’ అని అడిగితే ఆ పిల్లే తేడాగా కనబడుతుంది. నిజానికి దారం పట్టుకొని నిలబడింది ఆ పిల్లే.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త. ‘చూశారా, మతం మారినా మీరు మారలేదు’ అని ఎగతాళి చేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు జవాబు స్పష్టంగా చెప్పండి. కొత్త చక్రానికి వరుస ఇంకా కుదరలేదంటే స్పేసర్ తిప్పించుకుంటాం. అంతేగాని పగిలిన పాత చక్రాన్ని తెచ్చి మళ్ళీ ఎక్కించుకోం.

బిగువు కూడా కొలతే

వరుస కుదిరాక చివరి పని చైన్ బిగువు. చిన్న బండ్లలో సాధారణంగా కింది చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ ఊపితే 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మీ బండి పుస్తకంలో రాసిన అంకెనే పాటించండి. పొడుగు చేసిన స్వింగ్ ఆర్మ్ అయితే మనిషిని కూర్చోబెట్టి కూడా చూడాలి. కొత్తగా చైన్ వేయించినవాళ్ళు ఉత్సాహంతో బిర్రుగా లాగిస్తారు. గుంతలో చక్రం పైకి లేచినప్పుడు ఆ బిర్రు చైన్ బేరింగులను పీకుతుంది. మరీ వదులైతే ఎగిరిపోతుంది. వీణ తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా పలకదని బుద్ధుడు సోణుడనే భిక్షువుకు చెప్పింది ఇదే.

అన్నింటికంటే ముఖ్యంగా, చైన్ బిగించిన ప్రతిసారీ యాక్సిల్ కదులుతుంది. యాక్సిల్ కదిలిన ప్రతిసారీ వరుస మళ్ళీ చూడాలి. ఉత్సాహం పెంచుకున్న ప్రతిసారీ, కొత్త కార్యక్రమం, కొత్త జెండా, కొత్త నినాదం తీసుకున్న ప్రతిసారీ మన వరుస కూడా కొంచెం కదులుతుంది. ఒకసారి దీక్ష తీసుకున్నాం కాబట్టి ఎప్పటికీ నేరుగా ఉన్నామనుకోవడం, నాలుగేళ్ళ కిందట చైన్ వేయించాను కాబట్టి ఇప్పుడు చూడనక్కర్లేదు అనుకోవడం లాంటిది.

కాబట్టి రెండు చిన్న పనులు చేద్దాం. షెడ్డులో పనిచేసే తమ్ముళ్ళారా, బండి అప్పజెప్పేటప్పుడు ‘లైను చూశాను’ అనో, ‘ఇంత తేడా మిగిలింది’ అనో నోరు తెరిచి చెప్పండి. కుటుంబాలు ఉన్న అన్నలారా, అక్కలారా, ఈ ఆదివారం వందన అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చోండి. మనం చెప్పే మాటకూ చేసే పనికీ తేడా ఉన్న చోటు ఒక్కటి చెప్పమని ముందు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పింది విసుక్కోకుండా వినండి. కాగితం మీద రాసుకోండి. వచ్చే నెల మళ్ళీ కొలవండి.

జై భీమ్! నమో బుద్ధాయ!